ఒకటి ఆరు... సున్నా: హైదరాబాద్‌లో పళ్ల లెక్క

ఆదివారం, తార్నాక

శాతవాహన ఎక్స్‌ప్రెస్ దిగి సికింద్రాబాద్ స్టేషన్ బయటికి వచ్చేసరికి ఆటోవాళ్లు చుట్టుముట్టారు. తార్నాకకి వాళ్లడిగిన డబ్బు విని నేరుగా మెట్రో ఎక్కేశాను. మధ్యలో ఒక్క మెట్టుగూడ, అంతే. సీటు వెతుక్కునేలోపే దిగాల్సి వచ్చింది.

మా మేనత్త కూతురు ఉండేది ఇక్కడే. ఓ డెంటల్ కాలేజీలో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ చెబుతుంది. "పళ్లు పీకే డాక్టరు కాదు, పళ్లు లెక్కపెట్టే డాక్టరు" అని మా ఇళ్లల్లో ఆవిడ మీద ఓ పాత హాస్యం. నన్ను పిలిచింది కూడా ఆ లెక్క కోసమే. "బావా, మా పిల్లలకి సర్వే ఎలా చేయాలో నేర్పిస్తున్నా. రాసేవాళ్లు చాల్లేదు. నువ్వు ఇంటింటి సర్వేల్లో అరిగిపోయినవాడివి, వచ్చేయ్" అంది ఫోన్లో. జాతీయ సర్వేల్లో పళ్ల డాక్టర్లు వాడే పద్ధతినే పట్టుకుని చేసే చిన్న సాధన సర్వే ఇది. బడి, బస్తీ రెండూ ఉన్నాయి.

నేను తిరిగిన సర్వేల్లో నోటి ఊసు దాదాపు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎత్తు, బరువు కొలుస్తారు, బీపీ చూస్తారు, వేలి నుంచి రక్తం చుక్క తీస్తారు. నోటి దగ్గరికొచ్చేసరికి మాత్రం నోటి క్యాన్సర్ కోసం ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా అని అడిగి ముందుకెళ్లిపోతారు. నోరు తెరిపించరు. దేశమంతా నోరు తెరిపించి చూసిన పెద్ద సర్వే 2002-03లో జరిగింది, డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేయించింది. అయిదేళ్ల పిల్లల్లో 51.9 శాతం మందికి, పన్నెండేళ్ల వాళ్లలో 53.8 శాతానికి, పదిహేనేళ్ల వాళ్లలో 63.1 శాతానికి పిప్పి పళ్లున్నాయని అందులో తేలింది. ఈ దశాంశాలు ఎక్కణ్నుంచి వస్తాయో చూడాలన్న కుతూహలమే నన్ను రైలెక్కించిందంటే అబద్ధం కాదు.

సోమవారం, కాలేజీ క్లినిక్

పొద్దున్నే జాతీయ పోషకాహార సంస్థ గోడ పక్కగా నడిచి బస్సెక్కాం. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ అది. దేశం ఏం తింటోందో లెక్కగట్టే చోటు. మేం వెళ్తున్నది ఆ తిన్నదాన్ని నమిలే పళ్ల లెక్కకి.

క్లినిక్‌లో నలుగురు కుర్ర డాక్టర్లు, నలుగురు రాసేవాళ్లు. పళ్లెంలో గుండ్రటి చిన్న అద్దం, దాని పక్కన సన్నటి లోహపు పుల్ల. పేరు సీపీఐ ప్రోబ్. సీపీఐ అంటే కమ్యూనిటీ పీరియాడాంటల్ ఇండెక్స్, చిగుళ్ల జబ్బు కొలిచే పద్ధతి. దాని కొన పిన్నులా ఉంటుందనుకున్నాను. కాదు, చివర అర మిల్లీమీటరు గుండు ఉంది. కొన నుంచి మూడున్నర మిల్లీమీటర్ల దగ్గర మొదలై అయిదున్నర దగ్గర ఆగే నల్ల పట్టీ ఉంది. చిగురుకీ పంటికీ మధ్య సందులో ఈ పుల్లను దించితే ఆ పట్టీ ఎంత మునిగిందన్నదే కొలత. పట్టీ మొత్తం పైకి కనబడితే సరే. చిగురు అంచు పట్టీ మీద ఆగితే నాలుగైదు మిల్లీమీటర్ల లోతు. పట్టీ కనబడకుండా పోతే ఆరో అంతకు మించో.

ఎంత బలంతో దించాలి? ఇరవై గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం చెబుతుంది. ఇరవై గ్రాములంటే ఎంతో చేతికెలా తెలుస్తుంది? మరదలు ఆ పుల్ల కొనను నా బొటనవేలి గోరు కింద పెట్టి మెల్లగా నొక్కింది. గోరు కింద ఎరుపు పోయి తెల్లబడగానే ఆపేసింది. "ఇంతే బావా. ఇంతకంటే నొక్కితే లేని లోతు పుట్టుకొస్తుంది." నొప్పి లేదు. కుర్ర డాక్టర్లందరూ ఎవరి గోళ్ల మీద వాళ్లు ప్రయత్నిస్తూ కూర్చున్నారు. ఓ అమ్మాయి నెయిల్ పాలిష్ గీక్కోవాల్సి వచ్చింది.

రాసే పని చూడ్డానికే సులువు. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. పై కుడి ఒకటి, పై ఎడమ రెండు, కింది ఎడమ మూడు, కింది కుడి నాలుగు. ప్రతి భాగంలో మధ్య నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది. పాలపళ్లకి భాగాల అంకెలు అయిదు నుంచి ఎనిమిది. డాక్టరు పై కుడి వెనక నుంచి మొదలుపెట్టి తంబోలాలో నంబర్లు పిలిచినట్టు పిలుస్తుంది: "ఒకటి ఏడు, సున్నా. ఒకటి ఆరు, ఒకటి. ఒకటి అయిదు, సున్నా..." సున్నా అంటే మంచి పన్ను. ఒకటంటే పిప్పి. రెండు, సిమెంట్ పెట్టాక మళ్లీ పుచ్చింది. మూడు, సిమెంట్ పెట్టింది బాగానే ఉంది. నాలుగు, పిప్పి వల్ల ఊడింది. అయిదు, ఇంకో కారణంతో ఊడింది. ఎనిమిది, ఇంకా మొలవలేదు. రాసేవాణ్ని డాక్టరు పక్కనే కూర్చోబెడతారు. మాట స్పష్టంగా వినబడాలి, రాస్తున్న అంకె డాక్టరుకి కనబడాలి. నేను రాసిన ప్రతి అంకె మీదా ఆవిడ కన్ను ఉంది.

ఈ పద్ధతిలో నన్ను ఆపిన నియమం ఒకటుంది. అనుమానమొస్తే పిప్పి అని రాయకూడదు. పంటి మీద నల్ల గీత ఉంటే చాలదు, తెల్ల మచ్చ ఉంటే చాలదు. గుంట స్పష్టంగా కనబడాలి, లేదా అడుగో గోడో మెత్తబడినట్టు గుండు కొనకి తగలాలి. లేదంటే సున్నా. ఎక్స్‌రే ఉండదు కాబట్టి రెండు పళ్ల మధ్య దాక్కున్న పిప్పి కూడా సున్నాలోనే కలిసిపోతుంది. క్లినిక్‌లో ఇదే డాక్టరు ఇదే పంటిని చూసి "ఎందుకైనా మంచిది, ఫిల్లింగ్ చేద్దాం" అనొచ్చు. సర్వేలో ఆ "ఎందుకైనా మంచిది" పనికిరాదు. ఒకరి ఎందుకైనా ఇంకొకరి ఎందుకైనాతో కలవదు కదా. అంటే జాతీయ సర్వే చెప్పే పిప్పి పళ్ల శాతం అసలుకంటే తక్కువే. ఆ తక్కువ అన్ని జిల్లాల్లోనూ ఒకే తీరుగా ఉండాలన్నదే వాళ్ల పట్టుదల. నాకు నచ్చింది కూడా అదే.

సాయంత్రం దాకా అవే నోళ్లను నలుగురూ విడివిడిగా చూశారు. ఒకరు చెప్పింది ఇంకొకరు వినకూడదని కర్టెన్లు లాగారు.

మంగళవారం, ప్రభుత్వ పాఠశాల

పన్నెండేళ్ల పిల్లలే ఎందుకు? జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత పళ్లన్నీ అప్పటికి దాదాపు మొలిచేసి ఉంటాయి. పిల్లలింకా బడిలో ఒకచోట దొరుకుతారు. దేశాన్ని దేశంతో పోల్చడానికి ప్రపంచమంతా పట్టుకున్న వయసు ఇది. మిగతావి అయిదు, పదిహేను, ముప్పై అయిదు నుంచి నలభై నాలుగు, అరవై అయిదు నుంచి డెబ్భై నాలుగు.

తల్లిదండ్రుల సంతకాలు వారం ముందే తెప్పించారు. సంతకం లేని పిల్లలు వరుసలోంచి పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ల మొహాలు చూడలేకపోయాం. ఏడో తరగతి గదిలో కిటికీ పక్కన కుర్చీ, దానెదురుగా డాక్టరు, తలకి లైటు. ఆటోక్లేవ్ చేసిన, అంటే వేడి ఆవిరితో శుద్ధి చేసిన అద్దం, ప్రోబ్ జతలు డాక్టరుకి ముప్పై చొప్పున తెచ్చారు. అవయిపోతే ఆ రోజుకి పని ఆపేయడమే. మధ్యలో కడిగి మళ్లీ వాడటం లేదు.

పిప్పి, ఊడినవి, సిమెంట్ పెట్టినవి, ఈ మూడూ కలిపి ఒక్కో మనిషికీ ఒక అంకె తేలుస్తారు. ఈ కూడిక 1938 నాటిది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం హేగర్స్‌టౌన్‌లో బడిపిల్లల నోళ్లు చూసి క్లైన్, పామర్, నట్సన్ అనేవాళ్లు మొదలుపెట్టారు. ఇవాళ తార్నాకలో మధ్యాహ్న భోజనం గంట కొట్టేదాకా మేం వేసిందీ అదే కూడిక. ఈ లెక్కలో వైద్యం చేయించుకున్నా అంకె తగ్గదు. పుచ్చిన పన్ను ఒకటే, సిమెంట్ పెట్టిన పన్నూ ఒకటే. ఓ పిల్లవాడికి మూడు వచ్చింది, మూడూ పుచ్చినవే. ఇంకో పాపకీ మూడే, మూడింటికీ సిమెంట్ ఉంది. మొత్తం చూస్తే ఇద్దరూ ఒకటే. విడివిడిగా చూస్తేనే ఎవరికి డాక్టరు అందాడో తెలుస్తుంది. పేపర్లలో మాత్రం మొత్తమే వస్తుంది.

పదకొండు గంటలప్పుడు కూర్చున్న కుర్రాడి ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు మరకలున్నాయి. మరదలు తనే లేచొచ్చి చూసింది. ఫ్లోరోసిస్, నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే జబ్బు. డీన్ అనే అమెరికన్ డాక్టరు కట్టిన మెట్ల ప్రకారం సున్నా నుంచి అయిదు దాకా వేస్తారు. ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లు తీసుకోవాలి. ఆ రెండూ సమానంగా లేకపోతే తక్కువ దెబ్బతిన్నదాని అంకె రాయాలి. ఇక్కడా అదే తగ్గింపు గుణం.

"ఏ ఊరు నాయనా?"

"హైదరాబాదే మేడమ్."

"ముందుగాల?"

"మర్రిగూడ. నల్గొండ జిల్లా. నాలుగోదిల ఉన్నప్పుడు వచ్చినం."

నాలుగో తరగతిలో అన్నమాట. పంటి పెంకు చిగురు లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీళ్లే దాని మీద ముద్ర వేస్తాయి. ఎనిమిదేళ్లు దాటాక ఎంత ఫ్లోరైడు నీళ్లు తాగినా మొలిచిన ముందు పళ్ల మీద ఇలాంటి మరక రాదు. అంటే ఈ కుర్రాడి ఆధార్ కార్డులో ఏముందో గానీ అతని పళ్లది మర్రిగూడ చిరునామా. బడి పేరు చూసి ఇతణ్ని హైదరాబాద్ లెక్కలో కలిపేస్తే నగరం నీళ్ల మీద నింద పడుతుంది. అందుకే చిన్నప్పుడు ఎక్కడున్నావు, ఏ నీళ్లు తాగావు అన్న ప్రశ్నలు ఫారంలో వేరేగా ఉండాలి. 2002-03 సర్వే పేరులోనే ఫ్లోరైడ్ మ్యాపింగ్ కలిసి ఉండటం ఊరికే కాదు. మన దేశంలో ఈ జబ్బును మొదట వైద్య పత్రికకెక్కించింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. తాగేనీటిలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. ఇప్పుడక్కడికి మిషన్ భగీరథ నీళ్లు వెళ్తున్నాయి. ఆ నీళ్ల ఫలితం నోట్లో కనబడేది, అవి తాగి పెరిగిన పిల్లలకి కొత్త పళ్లు మొలిచాకే.

బుధవారం, అడ్డగుట్ట

బస్తీలో పని బడిలా సాగదు. ఇళ్ల జాబితాలో చీటీ తీసినట్టు తేలిన ఇంటికే వెళ్లాలి, ఆ ఇంట్లో వయసు సరిపోయినవాళ్లనే చూడాలి. ఇది నాకు తెలిసిన పనే. మడత కుర్చీ, తలలైటు పట్టుకుని సందు మలుపు తిరిగామో లేదో పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"నా పన్ను గుంజుతున్నది సారూ, జర చూడుర్రి."

"మీ ఇల్లు లిస్టులో లేదమ్మా."

"లిస్టులో లేకపోతే నొప్పి లేనట్టేనా?"

ఏం చెబుతాం. వెంటనే చూసేస్తే ఏం పోయిందని అనిపిస్తుంది. నొప్పున్నవాళ్లే ఎదురొస్తారు. వాళ్లను కలుపుకుంటూ పోతే అడ్డగుట్ట మొత్తానికీ నొప్పే అని తేలుతుంది. మరదలు ఆవిడకి అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది, ఫారంలో మాత్రం ఎక్కించలేదు.

లిస్టులో ఉన్న ఇంట్లో డెబ్భై దాటుతున్న అవ్వ. నోట్లో మిగిలినవి ఏడు. మిగతావి ఎలా పోయాయని అడిగితే ఒక్కోదానికీ ఒక్కో కథ చెప్పింది. ఒకటి చెరుకు కొరికినప్పుడు, రెండు తొలి కాన్పు తర్వాత, కొన్ని "వాటంతటవే". పిప్పి వల్ల ఊడిందా, చిగుళ్లు వదులైనందువల్లా అని ఆవిడ జ్ఞాపకంలోంచి తేల్చడం అయ్యే పని కాదు. పద్ధతి దానికి ఒక దారి చూపింది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకి కారణం ఏదైనా ఊడినవన్నీ లెక్కలోకే వస్తాయి. తప్పని రాజీ. నాకు మాత్రం ఆ చెరుకు కథ రాసుకునే గడి ఫారంలో లేకపోవడం వెలితిగానే అనిపించింది.

"గిట్ల చూసి రాసుకొని పోతరా? మందు గిట్ల ఇయ్యరా?"

"ఇయ్యం అవ్వా. నీ నోరు చూసి సర్కారుకి లెక్క చెప్తం."

"సర్కారుకి నా పండ్లతోని ఏం పని?" అని నవ్వింది. ఆ ఏడూ కనబడ్డాయి.

మూడో ఇంట్లో నలభై ఏళ్ల మనిషి, సెంట్రింగ్ పని. పళ్లకంటే ముందు పెదవుల లోపలివైపు, బుగ్గలు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి వరసగా చూస్తారు. ఎడమ బుగ్గ లోపల, తంబాకు పెట్టుకునే చోటనే, తుడిచినా పోని తెల్ల పొర. పిలుస్తున్న డాక్టరు గొంతు మారలేదు. అంకె చెప్పింది, చోటు చెప్పింది, నేను రాశాను. ఫారం చివర్లో ఈ మనిషికి ఎంత తొందరగా వైద్యం కావాలన్న గడి ఒకటుంది. సున్నా అయితే అక్కర్లేదు, మూడంటే నొప్పీ చీమూ, వెంటనే చూడాలి, నాలుగంటే పెద్ద పరీక్షకి పంపాలి. నాలుగు పడింది. ఇన్ని అంకెల మధ్య ఎదుటి మనిషికి నేరుగా పనికొచ్చేది ఈ ఒక్క గడే. డాక్టరు గ్లౌజులు తీసేసి అతని పక్కన గట్టు మీద కూర్చుంది. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చీటీ రాసి, తంబాకు ఆపమంటూ చాలాసేపు మాట్లాడింది. అతను తల ఊపుతూనే జేబు తడుముకుంటున్నాడు.

గురువారం, చార్మినార్

ఈ రోజు సెలవు. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్లి, మూసీ దాటి, ఎండలో చార్మినార్ చేరాం. మక్కా మసీదు దగ్గర ఓ బండి మీద మిస్వాక్ పుల్లల కట్టలు కనబడితే మరదలు ఆగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో "పళ్లు తోముకోవడానికి ఏం వాడతారు" అన్న ప్రశ్న కింద బ్రష్, పళ్ల సందులు శుభ్రం చేసే దారంతో పాటు బొగ్గుకీ, మిస్వాక్ లాంటి నమిలే పుల్లకీ వేరే వేరే గడులున్నాయి. మా తాత వేపపుల్ల అంతర్జాతీయ ఫారంలో చోటు సంపాదించిందన్నమాట.

ఇరానీ చాయ్ తాగుతూ వేరే దేశాల సంగతులు చెప్పింది. అమెరికా సర్వేలో నాలుగు పెద్ద ట్రైలర్లు కలిపి కట్టిన కదిలే పరీక్షా కేంద్రం ఊళ్లోకి వస్తుంది. జనమే అక్కడికి వెళ్తారు. వెనక్కి వాలే కుర్చీ, మంచి లైటు ఉంటాయి. ఏడాదికి సుమారు 5,000 మందిని చూస్తారు. కొన్ని రకాల గుండె జబ్బులున్నవాళ్ల చిగుళ్లలోకి ప్రోబ్ దించరు. 1988-94లో రెండు భాగాలే ఎంచి చిగుళ్లు కొలిచారు. అలా సగం నోరు చూస్తే జబ్బు తక్కువగా కనబడుతుందని అర్థమయ్యాక 2009 నుంచి 2014 దాకా ముప్పై దాటినవాళ్లకి నోరంతా, పంటికి ఆరు చోట్ల కొలిచారు. బ్రిటన్‌లో 1968 నుంచి పదేళ్లకోసారి పళ్ల డాక్టరే ఇంటికి వెళ్లేవాడు. 1968లో ఇంగ్లండ్, వేల్స్ పెద్దవాళ్లలో 37 శాతానికి ఒక్క పన్నూ లేదు. 2009 నాటికి ఇంగ్లండ్‌లో అది 6 శాతం. నలభై ఏళ్లు ఒకే తీరుగా చూసినందుకు దక్కిన అంకె ఇది. మన దగ్గర 2002-03 తర్వాత అదే కొలబద్దతో దేశమంతా తరచుగా చూసుంటే బాగుండేదని నా అభిప్రాయం. 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం పెట్టుకున్నాం. అది ఏం మార్చిందో చెప్పాలన్నా మళ్లీ నోళ్లు తెరిపించక తప్పదు.

శుక్రవారం, మళ్లీ బడి

చూసినవాళ్లలో అయిదు నుంచి పది శాతం మందిని రెండోసారి చూడాలి. మొదటి కాగితం చూడకుండా, ఎవరిని మళ్లీ చూస్తున్నామో వీలైనంత వరకు గుర్తు లేకుండా. పిల్లలు మాత్రం గుర్తుపట్టారు. "మేడమ్, మొన్న ఇదే పన్ను చూసిర్రు" అని ఒకడు గట్టిగానే అరిచాడు.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో లెక్కలు. ఓ కుర్ర డాక్టరు తన రెండు సార్ల అంకెలు వందకి తొంభై కలిశాయని సంబరపడ్డాడు. మరదలు కాగితం తీసుకుంది. ఈ వయసులో పళ్లు చాలావరకు మంచివే. రెండుసార్లూ నూటికి తొంభై పళ్లు సున్నా అనేస్తే, కళ్లు మూసుకుని చెప్పినా ఎనభై రెండు సార్లు కలుస్తాయి: సున్నాలు కలవడం ఎనభై ఒకటి, ఒకట్లు కలవడం ఒకటి. ఆ అదృష్టం తీసేస్తే మిగిలిన పద్దెనిమిదిలో అతను నిజంగా సంపాదించింది ఎనిమిదే. ఎనిమిదిని పద్దెనిమిదితో భాగిస్తే 0.44. దీన్ని కప్పా అంటారు, కోహెన్ 1960లో ఇచ్చిన సూత్రం. తొంభై శాతం అని విన్నప్పుడు మెచ్చుకున్నవాళ్లే 0.44 చూసి మౌనంగా ఉండిపోయారు.

తేడా ఎక్కడుందో వెతికితే, దాదాపు అన్నీ దవడ పళ్ల పై గాడుల్లో ఉన్న నల్ల మరకలే. ఒకసారి సున్నా, ఒకసారి ఒకటి. పాత కాగితాలు దిద్దడానికి వీల్లేదు, రెండూ అలాగే ఉండాలి. దిద్దాల్సింది డాక్టరు చేతిని. అతణ్ని సోమవారం పొద్దున క్లినిక్‌లో మళ్లీ కూర్చోబెట్టి, మరకకీ మెత్తబడిన గుంటకీ తేడా ప్రోబ్ గుండుతో పట్టుకునేదాకా కొత్త బస్తీకి పంపనని మరదలు చెప్పేసింది. అతను ముందు మొహం ముడుచుకుని, తర్వాత తనే ఏ రోగుల్ని పిలవాలో జాబితా రాసుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగు పడినవాళ్ల పేర్లు వేరే పుస్తకంలో ఉన్నాయి. స్టేషన్‌కి బయల్దేరేముందు మరదలు అడ్డగుట్ట సెంట్రింగ్ మేస్త్రీకి ఫోన్ చేసింది. స్పీకర్లో వెనకాల కాంక్రీట్ మిల్లర్ మోత. "పోత మేడమ్, స్లాబ్ ఉన్నది, అయిపోంగనే పోత" అన్నాడు. ఏ రోజు అయిపోతుందని అడిగి, ఆ తేదీ పేరు పక్కన రాసుకుంది.